ముందుచక్రముల ఊతకంబము

చక్రము చరిత్ర మనలో పలువురకు తెలిసినదే. చక్రమునకును, దానిపై సాగు బండిలో కూర్చున్న మనుష్యునకును నడుమ నుండు పరికరముల చరిత్రను మాత్రము అంతగా ఎవరును చెప్పుకొనరు. రోడ్డుపై గుంత వచ్చినప్పుడు చక్రము దిగును. మిట్ట వచ్చినప్పుడు ఎక్కును. బండి మాత్రము సాధ్యమైనంత నిలుకడగా సాగవలెను. చూచుటకు చిన్నదిగా కనబడు ఈ కోరికను నెరవేర్చుటకు ఎన్నో తరముల పనివారు శ్రమించిరి. నేడు మన కుటుంబములు ఎక్కి తిరుగు ఎస్‌యూవీ బండ్లలో, ముందుచక్రముల కడ నిలిచి ఈ పనిని చేయుచున్న పరికరమునకు స్ట్రట్ అని పేరు. స్ట్రట్ అనగా ఊతగా నిలిపిన కంబము. ఆ కంబము ఎట్లు పుట్టినది, ఏయే పనులను తనపై వేసికొన్నది, అరిగినప్పుడు దానిని ఎట్లు గుర్తింపవలెను, ఎట్లు మార్పవలెను అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ఈ పరికరము ప్రయాణికుల సుఖము కొరకే ఏర్పడినదని చాలమంది తలంతురు. చరిత్రను చూచినచో అది సగము నిజము మాత్రమే యని తేలును. సుఖము నిచ్చునది స్ప్రింగు. ఆ స్ప్రింగును అదుపులో నుంచి, చక్రము రోడ్డును విడువకుండునట్లు చేయునది వేరొక పరికరము. స్ప్రింగు విరిగినచో బండి ఒక ప్రక్కకు ఒరిగి వెంటనే కంటికి కనబడును. రెండవ పరికరము చెడినను బండి నడచుచునే యుండును. అందుచేతనే దానిని మనము ఉపేక్షింతుము. అపాయమంతయు ఆ ఉపేక్షయందే యున్నది.

మన ఎడ్లబండికి స్ప్రింగు లేదు. ఇరుసుపైననే బండి నిలుచును గనుక దారిలోని ప్రతి రాయియు కూర్చున్నవాని వెన్నెముకకు తెలియును. ఎద్దుల నడక మెల్లనిది కాబట్టి ఆ కుదుపు సహింపదగినదిగానే యుండెను. గుఱ్ఱమును కట్టి వేగమును పెంచినప్పుడు మాత్రము అది సహింపరానిదయ్యెను. జట్కాబండికి ఉక్కుపట్టీలను విల్లువలె వంచి, ఒకదానిపై నొకటి పేర్చి, ఇరుసునకు బిగించుట అందువలననే అవసరమైనది. వీనిని మనవారు కమానులందురు. కమాను అనగా పారసీక భాషలో విల్లు. నేటికిని లారీల క్రింద నుండు ఉక్కుపట్టీల కట్టను మన మేస్త్రీలు కమానుకట్ట యనియే పిలుతురు.

ఐరోపా ఖండమున బండిపెట్టెను తోలుపట్టీలతో వ్రేలాడదీయు పద్ధతి చిరకాలము నడచినది. స్ప్రింగునకు సంబంధించిన మూలసూత్రమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. స్ప్రింగుపై ఎంత బలము పడునో, దాని సాగుదల గాని, అణగుదల గాని అందుకు తగినట్లే యుండునని ఆ సూత్రము యొక్క సారాంశము. 1804లో ఇంగ్లండునందు ఒబదయా ఎలియట్ అను బండ్లు చేయువాడు రెండు కమానులను ఎదురెదురుగా కూర్చి, కోడిగ్రుడ్డు ఆకారముగల స్ప్రింగును బండికి అమర్చు విధానమునకు పేటెంటును పొందెను. ముందు ఇరుసును వెనుక ఇరుసును కలుపుచుండిన బరువైన నడిమి దూలము దీనితో అవసరము లేకపోయెను. బండ్లు తేలికయైనవి, మెత్తగా నడచినవి.

స్ప్రింగునందు ఒక గుణమున్నది. ఆ గుణమే దాని దోషము కూడను. తనలోనికి తీసికొన్న శక్తిని అది తనవద్ద ఉంచుకొనదు. గుంతలో అణగిన స్ప్రింగు మరుక్షణమున బండిని పైకి విసరును. పైకి పోయిన బండి మరల దిగి దానిని అణచును. ఈ ఊగుట ఒక పట్టున ఆగదు. కమానుకట్టలోని పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటచే ఆ ఊగుట కొంత తగ్గుచుండెను. గుఱ్ఱపుబండి వేగమునకు ఆ రాపిడి చాలినది. పందొమ్మిదవ శతాబ్దము చివర మోటారుబండి వచ్చిన పిమ్మట అది చాలలేదు.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫ్రాన్సు దేశీయుడైన ట్రూఫో ఒక ఉపాయమును కనిపెట్టెను. రెండు చేతులవంటి కడ్డీలను ఒక కీలుకడ కలిపి, ఆ కీలులో బిళ్లలను అమర్చి, మరతో బిగించుట అతని పద్ధతి. చక్రము కదలినపుడెల్ల ఆ బిళ్లలు రాచుకొని కదలికను అణచును. అమెరికాలో దీనికి ప్రచారము కల్పించినవాడు ఎడ్వర్డు హార్ట్‌ఫర్డ్. కాని రాపిడి బిళ్లలు త్వరగా అరుగును. తడిసినప్పుడు ఒక తీరుగను, ఆరినప్పుడు మరియొక తీరుగను పనిచేయును. పైగా చిన్న కుదుపునకును పెద్ద కుదుపునకును అవి ఒకే విధమైన అడ్డు పెట్టును.

ఈ చిక్కును తీర్చినది నూనె. ఫ్రాన్సులోనే మోరిస్ హూడాయ్ నూనెతో పనిచేయు పరికరమును కల్పించెను. ఒక గదిలో నిండిన నూనెను ఇరుకు రంధ్రముల గుండ తోయవలసి వచ్చినచో, మెల్లగా తోయుట సులభము. వేగముగా తోయుట కష్టము. కనుక చక్రము మెల్లగా కదలినపుడు అడ్డు తక్కువగను, దిగ్గున కదలినపుడు అడ్డు హెచ్చుగను ఉండును. కుదుపు ఎంతటిదో అడ్డు అంతటిదగును. 1927 చివర వెలువడిన ఫోర్డు కంపెనీవారి ‘మాడల్ ఏ’ బండికి ఈ జాతి పరికరములనే అమర్చిరి. అటుపిమ్మట ఒక గొట్టములో పిస్టను పైకి క్రిందికి కదలు నిలువు రూపము ప్రబలెను. నేటి పరికరములన్నియు ఈ రూపమునకు చెందినవే. గతుకుల రోడ్డుపై కొంతదూరము పోయివచ్చిన బండిలో ఆ గొట్టమును ముట్టి చూచినచో వెచ్చగా నుండును. ఊగుటలోని శక్తియంతయు నూనెలో వేడిగా మారినదనుటకు అదియే సాక్ష్యము.

దీనికి లోకములో షాక్ అబ్సార్బరు, అనగా కుదుపును త్రాగునది, అని పేరు వచ్చినది. ఆ పేరు సరియైనది కాదు. కుదుపును తీసికొనునది స్ప్రింగు. ఇది ఊగుటను అణచునది మాత్రమే. ఆంగ్లేయులు దీనిని డాంపరు అందురు; అనగా అణచునది. ఆ పేరే వాడుకలోనికి వచ్చియుండినచో, ఇది సుఖసాధనమను భ్రమ మనలో ఇంతగా వేరూనియుండకపోవునని మా అభిప్రాయము.

ఇంతవరకు ముందుచక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి యుండెను. ఒక చక్రము రాతిపై కెక్కినచో రెండవదియు ఒరుగును. వేగము హెచ్చిన కొలది ముందుచక్రములు రెండును వడవడ వణకుచు, స్టీరింగును పట్టుకొన్న చేతులను కూడ వణకించుచుండెను. చక్రములను విడదీసి, దేనికి దానిని స్వతంత్రముగా కదలనిచ్చుటయే దీనికి మందు. ఇటలీలో లాన్సియా కంపెనీవారు 1922లో ప్రదర్శించిన లాంబ్డా బండి ముందుచక్రములు ఈ విధముగా విడివిడిగా నిలువుకంబములపై జారుచుండెను. అమెరికాలో ఈ పనికి పూనుకొన్న ఇంజనీరు మోరిస్ ఆలీ. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసిన ఆయన 1930లో జనరల్ మోటార్సు వారి కాడిలాక్ శాఖలో చేరెను. ఆయన కృషి ఫలితముగా 1934 నాటి జనరల్ మోటార్సు బండ్లకు స్వతంత్రమైన ముందుచక్రములు వచ్చినవి. పైన ఒక బాహువు, క్రింద ఒక బాహువు, నడుమ చుట్టుస్ప్రింగు. ఇది ఆ ఏర్పాటు యొక్క సామాన్య రూపము. అది చక్కగా పనిచేసినది. కాని కీళ్లు ఎక్కువ, వెల ఎక్కువ, ఆక్రమించు స్థలమును ఎక్కువయే.

ఇక్కడ మన కథలోనికి ఎర్ల్ మాక్‌ఫర్సన్ వచ్చును. ఆయన 1891లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రమున జన్మించి, అక్కడి విశ్వవిద్యాలయముననే 1915లో ఇంజనీరింగు పట్టమును పొందెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరుణమున జనరల్ మోటార్సు వారు 1,000 డాలర్లకు లోబడిన వెలలో ఒక చిన్న కారును తయారుచేయ సంకల్పించి, ఆ పనిని ఆయనకు అప్పగించిరి. ఆ బండికి కాడెట్ అని పేరు పెట్టిరి. వెల తక్కువ, బరువు తక్కువ. అయినను నాలుగు చక్రములును స్వతంత్రముగా కదలవలెనని మాక్‌ఫర్సన్ పట్టు. ఆ సంకటము నుండియే స్ట్రట్ పుట్టినది.

ఆయన చేసినది చెప్పుటకు సులభము. పై బాహువును తీసివేసెను. నూనె నిండిన గొట్టమునే బలిష్ఠముగా చేసి, దాని అడుగును చక్రమును మోయు నకిల్ అను ముక్కకు బిగించెను. దాని తలను బండి శరీరమునకు ఆనించెను. స్ప్రింగును ఆ గొట్టము చుట్టునే కూర్చుండబెట్టెను. క్రింద ఒక్క బాహువు మాత్రము మిగిలినది. దీనితో ఒకే కంబము నాలుగు పనులకు పూనుకొన్నది. బండి బరువును మోయును, స్ప్రింగునకు పీటయగును, ఊగుటను అణచును, స్టీరింగు త్రిప్పినపుడు తానే చక్రముతో కూడ తిరిగి, దానికి ఇరుసుబొమ్మ వలె పనిచేయును.

కాడెట్ బండి బజారునకు రాలేదు. 1947లో జనరల్ మోటార్సు వారు ఆ యోచనను విరమించుకొనిరి. మాక్‌ఫర్సన్ ఆ సంవత్సరమే ఫోర్డు సంస్థకు మారెను. 1950లో ఇంగ్లండులోని ఫోర్డు శాఖవారు వెలువరించిన కాన్సల్, జెఫిర్ అను బండ్లు ఈ స్ట్రట్‌ను లోకమునకు పరిచయము చేసినవి. అమెరికా పేటెంట్లు 1953లో లభించినవి. ఇటలీలోని ఫియట్ సంస్థకు చెందిన గ్విడో ఫోర్నాకా 1920ల నాడే ఇటువంటి ఊహను పేటెంటు చేసెను. కాని దానిని లక్షలాది బండ్లకు తగినట్లు మలచిన కీర్తి మాక్‌ఫర్సన్‌కే చెందినది. ఆయన 1952 నుండి 1958 వరకు ఫోర్డు సంస్థలో ఇంజనీరింగు ఉపాధ్యక్షుడుగా నుండి, 1960లో కాలధర్మము నొందెను. తన కంబము లోకమంతట వ్యాపించుటను ఆయన చూడలేదు.

ఆ వ్యాప్తికి కారణము ఇంజనును అడ్డముగా నిలిపి, ముందుచక్రములనే త్రిప్పు పద్ధతి. అట్టి బండిలో ముందుభాగమున ఇంజను, గేరుపెట్టె, చక్రములను త్రిప్పు కడ్డీలు అన్నియు ఇమడవలెను. పై బాహువునకు చోటు లేదు. స్ట్రట్ నిలువుగా నుండును గనుక ఇమిడిపోవును. 1969లో ఫియట్ 128, 1974లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఈ మార్గమున నడచినవి. మన దేశమున అంబాసిడరు బండికి ముందు మెలితిరుగు ఉక్కుకడ్డీలుండెను; ఫియట్ బండికి రెండు బాహువుల ఏర్పాటుండెను. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 స్ట్రట్‌ను మన మధ్యతరగతి ఇంటి ముంగిటకు తెచ్చినది. విజయవాడ ఆటోనగరు మొదలుకొని హైదరాబాదు సందులలోని చిన్న షెడ్ల వరకు, కమానుకట్టలతో పెరిగిన మన మేస్త్రీలు ఈ క్రొత్త కంబమును విప్పుటయు బిగించుటయు ఆ బండితోనే ఎక్కువగా నేర్చిరి.

ఎస్‌యూవీ అను జాతి మొదట జీపు వంశమునకు చెందినది. జీపునకు గట్టి చట్రము, నిండు ఇరుసులు, కమానుకట్టలు ఉండెను. 1994లో టయోటా వారి రావ్4 ఎత్తైన జీపు రూపమును కారు శరీరముతో కలిపినది. దాని ముందుచక్రములకు స్ట్రట్లే. మొదట రెండు బాహువులతో వచ్చిన హోండా సీఆర్‌వీ కూడ 2001 నాటి రెండవ తరమున స్ట్రట్‌కు మారినది. మన దేశమున 2012లో వచ్చిన రెనో డస్టరు, 2015లో వచ్చిన హ్యుందాయ్ క్రెటా మొదలైన కుటుంబ ఎస్‌యూవీలు ఈ త్రోవనే నడచినవి. పైకి జీపు రూపమున కనబడినను లోపల ఇవి కార్లే. అయితే కారు కంటె పొడవైనవి, బరువైనవి. ఎత్తు పెరిగిన కొలది మలుపులలో ఒరుగుట, బ్రేకు వేసినప్పుడు ముందునకు వంగుట హెచ్చును. కావున కంబముపై పడు భారమును హెచ్చినది.

ఆ భారమెంతటిదో ఒక లెక్కతో చెప్పుదుము. ఒక బండి 1,300 కిలోలు తూగుననుకొందము. అందులో నూటికి అరువది పాళ్లు ముందుచక్రములపై పడునేని, ఒక్కొక్క ముందుచక్రముపై 390 కిలోలగును. దాదాపు నాలుగు బస్తాల బియ్యమును ఒక్కొక్క ముందుమూల ఎల్లప్పుడును మోయుచున్నట్లు. ఐదుగురు ఎక్కి సామాను పెట్టినచో ఇంకను హెచ్చు. బ్రేకు వేసిన క్షణమున వెనుక బరువు కూడ కొంత ముందునకు దూకును.

ఇక అరుగుదలను గూర్చి. పిస్టను కడ్డీ గొట్టములోనికి పోవుచోట రబ్బరు పెదవి గల ఆయిలు సీలు ఉన్నది. కడ్డీని కప్పుచు ఒక మడతల తొడుగుండును. ఆ తొడుగు చినిగినచో దుమ్ము కడ్డీపై పడును. దుమ్ము సీలును కోయును. నూనె బయటికి కారును. లోపలి కవాటముల సన్నని రేకులు లక్షలమార్లు వంగి బలహీనమగును. నూనె కూడ కాలక్రమమున పలుచబడును. పైన శరీరమునకు ఆనుచోట నుండు రబ్బరు మౌంటు పగులును. అందులోని బేరింగు బిగుసుకొనును. స్ప్రింగు అడుగుచుట్టుపై రాళ్లు తగిలి రంగు రాలినచోట త్రుప్పు పట్టి, ఒకనాడు అది విరుగును.

ఇవి యన్నియు కొంచెము కొంచెముగా జరుగును. నడుపువాడు దినదినము ఆ మార్పునకు అలవాటు పడును. మలుపులో కొంచెము నెమ్మదించును. గుంతకడ స్టీరింగును కొంచెము గట్టిగా పట్టును. తాను అట్లు చేయుచున్నట్లు తనకే తెలియదు. ఎరువు తెచ్చుకొన్న బండిని నడిపినవాడు రెండు నిమిషములలో కనిపెట్టు లోపమును స్వంతదారుడు రెండేండ్లు కనిపెట్టకపోవుట వింత కాదు.

దీని ఫలితమేమి? అదుపు తప్పిన చక్రము గతుకుల రోడ్డుపై సెకనుకు పది పదిహేను మార్లు ఎగురగలదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ప్రతి సెకనునకు 17 మీటర్లు పోవుచుండును. టైరు నేలను తాకని క్షణమున బ్రేకు లేదు, స్టీరింగు లేదు. ఎంత మంచి బ్రేకులున్నను, ఏబీఎస్ వంటి క్రొత్త యంత్రాంగములున్నను, అవి టైరు నేలను పట్టిన పట్టును వాడుకొనగలవే గాని లేని పట్టును పుట్టింపలేవు. తిరుమల ఘాటురోడ్డుపై గాని, శ్రీశైలము కొండలలో గాని నిండు కుటుంబముతో దిగివచ్చు బండికి ఈ మాట ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక పరీక్ష అవసరము. అమెరికా దేశపు వర్తకములో 50,000 మైళ్లు, అనగా సుమారు 80,000 కిలోమీటర్లు, తిరిగిన పిమ్మట పరీక్షింపవలెనను మాట వాడుకలో నున్నది. అది శాసనము కాదు. గతుకులు, దుమ్ము, అడుగడుగున స్పీడ్ బ్రేకర్లు గల రోడ్లపై అంతకు ముందే అరుగవచ్చును. ప్రతి సర్వీసునందును చక్రము విప్పినపుడు కంబమును కూడ చూడుమని అడుగుట మంచి అలవాటు.

మొదట కంటితో చూడవలెను. గొట్టముపై సన్నని చెమ్మ మాత్రమున్నచో భయపడ నక్కరలేదు. నూనె ధారగా కారి దుమ్ముతో కలిసి ముద్ద కట్టినచో ఆ కంబము పని ముగిసినట్లే. తొడుగు చినిగినదా, కడ్డీపై గుంటలు పడినవా, స్ప్రింగు విరిగినదా చూడవలెను. తరువాత టైరును అరచేతితో తడవవలెను. చుట్టును అలలవలె ఎత్తుపల్లములు చేతికి తగిలినచో చక్రము ఎగురుచున్నదని అనుమానింపవలెను. అటుపిమ్మట చెవితో వినవలెను. గుంతలో టక్కున శబ్దము వచ్చినను, బండి నిలిచియున్నపుడు స్టీరింగు త్రిప్పగా స్ప్రింగు బిగిసి ఒక్కసారి విడివడినట్లు మ్రోగినను, పై మౌంటును బేరింగును చూడవలెను. స్టెబిలైజరు లింకు, బాల్ జాయింటు, లోయర్ ఆర్మ్ బుష్షులు కూడ ఇట్టి శబ్దములే చేయును గనుక, వానిని పరీక్షింపక కంబమునే దోషిగా నిర్ణయించుట తగదు.

బండి మూలను చేతులతో అణచి విడిచి, ఎన్నిమార్లు ఊగునో చూచు పరీక్ష మనలో ప్రసిద్ధమైనది. ఒకమారు లేచి కుదుటపడినచో మంచిదనియు, పలుమార్లు ఊగినచో చెడినదనియు అందురు. పలుమార్లు ఊగు బండిలో కంబము చెడినదనుట నిజమే. కాని ఊగలేదు గనుక బాగున్నదనుటకు వీలులేదు. చేతితో అణచునపుడు పిస్టను మెల్లగా కదలును. రోడ్డుపై చక్రము కదలు వేగము దానికి ఎన్నో రెట్లు.

మార్పవలసివచ్చినపుడు ముందువైపు రెండింటిని ఒకేసారి మార్పవలెను. ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క పాతది యున్నచో బ్రేకు వేసినప్పుడును మలుపులోను బండి రెండు ప్రక్కల రెండు విధములుగా ప్రవర్తించును. పై మౌంటు, బేరింగు, తొడుగు, లోపలి రబ్బరు దిమ్మ కూడ అప్పుడే క్రొత్తవి వేయుట ఉత్తమము; వాని వెల స్వల్పము, మరల విప్పు కూలి అధికము.

పని క్రమమిది. సమతలమున బండి నిలిపి, వెనుకచక్రములకు అడ్డులు పెట్టి, చక్రపు నట్లను నేలపై నున్నపుడే కొంచెము వదులు చేయవలెను. జాకీతో లేపిన పిమ్మట, తయారుదారుడు చెప్పిన చోట గట్టి స్టాండ్లను నిలిపి, వానిపై బండిని దింపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద చేయి పెట్టరాదు. చక్రమును తీసి, బ్రేకు గొట్టమును, ఏబీఎస్ తీగను కంబము నుండి విడదీయవలెను. స్టెబిలైజరు లింకును విప్పవలెను. నకిల్‌కు బిగించిన బోల్టుల స్థానమును గుర్తుపెట్టుకొని విప్పవలెను. నకిల్‌ను బ్రేకు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టియుంచవలెను. పైన బానెట్టు క్రింద శరీరమునకు బిగించిన నట్లను చివరకు విప్పి, కంబమును చేతితో పట్టి దింపవలెను.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. పైన నడుమ నుండు పెద్ద నట్టును అప్పుడు విప్పరాదు. అణగియున్న స్ప్రింగును పట్టియుంచినది ఆ నట్టే. దానిని విప్పినచో స్ప్రింగు తుపాకిగుండు వలె లేచి మనుష్యుని చంపగలదు. మంచి స్ప్రింగు కంప్రెసరును రెండు ప్రక్కల సమముగా బిగించి, స్ప్రింగు పీటల నుండి వదులైన పిమ్మటనే ఆ నట్టును ముట్టవలెను. ఆ పరికరము లేనివారు, దానితో అలవాటు లేనివారు ఈ భాగమును నేర్పరియైన మెకానిక్కునకు విడుచుట మేలు. స్ప్రింగుతో సహా కూర్చి అమ్ము కంబములు దొరకుచోట ఈ ప్రమాదము చాల తగ్గును.

కూర్చునపుడు స్ప్రింగు కొన పీటలోని మెట్టునకు సరిగా ఆనవలెను. బోల్టులను ఆ బండి పుస్తకములో చెప్పిన బిగువునకు టార్కు రెంచితో బిగింపవలెను. రబ్బరు బుష్షుల గుండ పోవు బోల్టులను విప్పియున్నచో, బండి బరువు చక్రములపై పడిన పిమ్మటనే తుది బిగువు ఇయ్యవలెను. లేనిచో రబ్బరు ఎల్లప్పుడును మెలితిరిగియుండి త్వరగా చినుగును. చివరకు వీల్ అలైన్‌మెంటు చేయింపవలెను. కంబమే చక్రపు ఒరుగుదలను నిర్ణయించును గనుక, దానిని కదలించినపుడు చక్రముల దిశయు కదలును. ఈ మెట్టును వదలివేసినవారి క్రొత్త టైర్లు అచిరకాలమున ఒక ప్రక్క అరిగిపోవును.

ఎలియట్ కమాను నుండి మాక్‌ఫర్సన్ కంబము వరకు సుమారు 150 ఏండ్లు గడచినవి. ఆ కాలమున పనివారు స్ప్రింగును మెత్తబరచుట కంటె దానిని అదుపుచేయుటకే ఎక్కువ శ్రమపడిరి. మాక్‌ఫర్సన్ ఖర్చు తగ్గించుటకై పలు పనులను ఒక్క కంబముపై పెట్టెను. ఆ పొదుపు వలననే నేడు సామాన్య కుటుంబము సైతము స్వతంత్రమైన చక్రములుగల బండిని కొనగలుగుచున్నది. కాని ఒక్కదానిపై నాలుగు పనులు పడినపుడు, ఆ ఒక్కటి అరిగినచో నాలుగును చెడును. కొనునాడు మనకు కలిసివచ్చిన ఆ పొదుపునకు బదులుగా మనము చేయవలసినది కొంచెమే: ఏటికి ఒకటి రెండుమార్లు చక్రము వెనుకకు వంగి చూచుట, టైరును చేతితో తడవుట, నూనె కారినచో వాయిదా వేయకుండుట. పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని దూరప్రయాణమునకు బయలుదేరు ప్రతివారును పెట్రోలును, గాలిని చూచుకొనునట్లే ఈ కంబమును కూడ చూచుకొందురుగాక.